పదకొండో గడిలో ‘లేరు’

శ్రీవారికి,

మీ ఇంటావిడ రాసే సంగతులు. ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసా. హాస్టల్లో అమ్మాయి కూడా కులాసా. నిన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడింది, అందులో చదువు ఊసు మాత్రం లేదు. అక్కడ మీరూ, మీ బాయిలర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ దగ్గు ఒక్కటీ కులాసాగా లేదని రాస్తే సంతోషిస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది, మీరు రాసిన తొమ్మిదో రోజుకి. వారానికి ఒక్క పడవ వచ్చే చోట ఫ్యాక్టరీ కట్టినవాడికి ఉత్తరాలు రాసుకునే భార్య ఉండి ఉండదు. ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. లేకపోతే “అడిగినది చెప్పవు, అడగనిది మానవు” అని మళ్ళీ దెప్పుతారు.

వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి చూసి వెళ్ళాడు, రెండోసారి మొదటిసారి సరిగ్గానే చూశాడో లేదో చూసుకుని వెళ్ళాడు. కింద గిన్నె పెట్టాను. అత్తయ్య మోకాళ్ళకి మందు మార్చారు. కొత్తది పనిచేస్తోంది, ఆ సంగతి ఆవిడ ఒప్పుకోరు అంతే. “ఎలా ఉంది అత్తయ్యా” అంటే “ఉంది” అంటారు. బీరువా తాళంచెవి మీరు చెప్పిన పెట్టెలో లేదు, మీ పాత బూటులో ఉంది. అక్కడ ఎవరు పెట్టారని అడక్కండి.

ఇక మీ నాలుగో ప్రశ్న. “మండలి సంగతి ఏమైంది? పేర్లు బోర్డు మీద పెట్టారా? నా మీద ఎవరైనా అభ్యంతరం వేశారా?” అని రాసి కింద రెండు గీతలు గీశారు. కుళాయీ, మోకాళ్ళూ, తాళంచెవీ దీనికి తోడుగా పంపినవేనని నాకు తెలియదా, ఇన్నేళ్ళ కాపురంలో.

పెట్టారు. కోర్టు వెనక వరండాలో పెద్ద అద్దాల బోర్డు, దాని నిండా కాగితాలు. ఏడు సీట్లకి ముప్ఫై ఒక్కమంది. మీలాగా జడ్జీలూ ప్లీడర్లూ కాని మామూలు మనుషులకి కేటాయించిన రెండు సీట్లకే పద్దెనిమిది మంది ఉన్నారు. ఒక్కొక్కరి జీవిత వివరం, వాళ్ళు సంతకం చేసిన పద్నాలుగు గడుల కాగితం, ఎవరైనా నిలబడి చదువుకోవచ్చు. జడ్జీల మీద వచ్చే ఫిర్యాదులు వినే ఈ మండలివాళ్ళని ఇన్నాళ్ళూ ఎవరు ఏరారో, ఏ గదిలో ఏరారో పైవాడికే తెలియాలి. ఇప్పుడు పళ్ళబండి అతను కూడా బండి పక్కన పెట్టుకుని చదువుతున్నాడు. మీరు చూసి ఉంటే దగ్గడం కూడా మరిచిపోయేవారు.

అభ్యంతరాలు కూడా బోర్డు మీదే పెడుతున్నారు. ఒక ప్రొఫెసరుగారి మీద పదమూడు వచ్చాయి, పదమూడూ ఆయనుండే బిల్డింగులో వాళ్ళవే, అన్నీ ఆయన కుక్క గురించే. మీ మీద రెండు వచ్చాయి. మొదటిది ఎవరో మిల్లు మేనేజరుది: “ఈయన మొండి మనిషి. ఒకసారి కాదంటే ఇక కాదే.” అభ్యంతరాలు తీసుకునే కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుంటారు. ఆవిడ నాతో, “మొండితనం అభ్యంతరం కిందకి రాదమ్మా, అర్హత కిందకొస్తుందేమో కనుక్కోవాలి” అన్నారు. మనసులో మీ తరఫున ఆవిడకి దండం పెట్టుకున్నాను.

రెండోది చెబుతాను. కాస్త ఓపిక పట్టండి, నన్ను వరసగా చెప్పనివ్వండి.

ఆ కాగితాలన్నీ అచ్చయ్యింది మా ప్రెస్సులోనే. ప్రూఫు నా బల్లమీదికే వచ్చింది. మా పని మీకు తెలుసు: పక్కన కూర్చున్న ఆవిడ మూలం పైకి చదువుతుంది, నేను అచ్చులో అక్షరం అక్షరం చూసుకుంటూ పోతాను. మీ కాగితం వచ్చింది. మీరు పుట్టిన తేదీ, చదువు, పనిచేసిన చోట్లు, అన్నీ ఆవిడ రైలు వేళలు చెప్పినట్టు చదువుకుపోతోంది. “పదకొండు. న్యాయశాఖలో పనిచేస్తున్న దగ్గరి బంధువులు. లేరు.”

నా పెన్సిలు అక్కడ ఆగిపోయింది.

“ఏమైందండీ, అక్షరం ఎగిరిందా?” అంది ఆవిడ.

“లేదు. చదవండి.”

అక్షరం ఏదీ ఎగరలేదు. ‘లే’కి ‘లే’ ఉంది, ‘రు’కి ‘రు’ ఉంది. తప్పు లేని తప్పు అది, మా మార్జిన్లో దానికి గుర్తు లేదు. మూలంలో ఏముంటే అచ్చులో అదే ఉండాలి, ప్రూఫు చూసేవాళ్ళు సొంత తెలివి చూపించకూడదు. ఇరవై ఆరేళ్ళుగా కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఆ ఒక్క మాటా మార్చేస్తే ఎవరికి తెలుస్తుందని చెయ్యి గుంజింది. పెన్సిలు కింద పెట్టేసి మంచినీళ్ళు తాగడానికి లేచి వెళ్ళాను.

మీరు కావాలని రాశారని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మీరు ఆ కాగితం నింపిన సాయంత్రం నాకు బాగా గుర్తు. నేను ఇస్త్రీ చేస్తున్నాను, మీరు ప్రతి గడీ పైకి చదువుతూ నింపారు. పదకొండోది చదివి, కలం ఆపకుండా “లేరు” అన్నారు. ఇస్త్రీ ఆపకుండా నేను “ఊఁ” అన్నాను. పందొమ్మిదేళ్ళుగా మనింట్లో ఆ ప్రశ్నకి జవాబు అదే. అబద్ధమాడుతున్నామని మీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎవరో పరాయి మనిషి పైకి చదివితే తప్ప మన మాట మనకి వినపడలేదు.

ఇప్పుడు మీకు తెలిసిన కథే మీకు చెబుతాను. ఇన్నేళ్ళలో నా నోటితో మీరు దాన్ని ఒక్కసారీ వినలేదు, ఒకసారి వినండి.

పందొమ్మిదేళ్ళ కిందట తనిఖీకి వెళ్ళి, ఆ మిల్లు బాయిలర్‌లో బీట ఉందని మీరు సర్టిఫికెట్ ఇవ్వలేదు. యజమాని కోర్టుకెక్కాడు. ఆ కోర్టులో జడ్జి మా అన్నయ్య. ఆ రోజు మీరు ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా, “మీ అన్నయ్య దగ్గరే పడింది, ఇక ఫరవాలేదు” అన్నారు. మనవాడని మీరు ఆశపడలేదు, విషయం అర్థం చేసుకునే బుర్ర ఉన్నవాడని ఆశపడ్డారు. అది నాకు తెలుసు. మర్నాడు అన్నయ్య నిండు కోర్టులో, “ఈ అధికారి మా చెల్లెలి భర్త, ఈ కేసు నేను వినకూడదు” అని చెప్పి కాగితాలు పక్క కోర్టుకి పంపేశాడు. బాయిలర్ నడపొద్దన్న మీ ఉత్తర్వుని పక్క కోర్టాయన ఒక్క పూటలో ఆపేశాడు. రెండు వారాలు తిరక్కుండానే బాయిలర్ పేలింది. ఇద్దరు మనుషులు పోయారు.

ఆ సాయంత్రం అన్నయ్య మన గుమ్మంలోకి వచ్చాడు. మీరు తలుపు సగమే తీశారు. “చేతులు దులుపుకున్నారుగా. ఇక వెళ్ళండి. ఈ ఇంట్లో మీకెవరూ లేరు” అన్నారు. మీ వెనక నేనున్నాను, చంకలో ఏడాది పిల్లతో. ‘నేనున్నాను’ అని నేను అనలేదు. మీ కళ్ళల్లో ఆ ఇద్దరూ కాలిపోతూ కనిపిస్తుంటే నాకు అన్నయ్య ఎక్కడ గుర్తుంటాడు? మీ పక్కన నిలబడ్డాను. అందుకు ఇప్పటికీ చింత లేదు. కానీ నిలబడ్డ చోటే పందొమ్మిదేళ్ళు ఉండిపోయాను, చింతంతా అదే.

పక్క కోర్టాయన మీద మీరు ఫిర్యాదు పెట్టారు. ఏడాదిన్నరకి ఒక్క వాక్యం వచ్చింది: “పరిశీలించి ముగించడమైనది.” ఆ పరిశీలించినవాళ్ళెవరో తెలుసుకోవడానికే మీకు మొత్తం ఆరేళ్ళు పట్టింది. తీరా చూస్తే వాళ్ళలో ఒకాయన ఆ జడ్జికి స్వయానా వియ్యంకుడు. ఆయన దాచాడనడానికీ లేదు, అడిగిన నాథుడు లేడు. అప్పటినుంచి మీరు రాయని అర్జీ లేదు, ఎక్కని మెట్టు లేదు. ఈ పేర్లు బోర్డు మీద పెట్టడం, అందరి ముందూ ప్రశ్నలు వెయ్యడం, ఇవన్నీ ఎంతోమంది పోరాడితే వచ్చినవి. పదకొండో గడి మాత్రం మీ పుణ్యమే. మీరు రాసి ఇచ్చిన మాటలే అందులో ఉన్నాయి, నేనే చక్కగా రాసిపెట్టాను కదా ఆ అర్జీని. అలాంటి గడిలో మీరు ‘లేరు’ అని రాశారండీ.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను, కోపం వస్తే రానివ్వండి. అన్నయ్య ఆనాడు చేసింది సరిగ్గా ఆ వియ్యంకుడు చెయ్యనిది. వియ్యంకుడు చెప్పనందుకు మీరు పదమూడేళ్ళు తిరిగారు, అన్నయ్య చెప్పినందుకు పందొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే ధైర్యం మనింట్లో ఎవరికీ లేకపోయింది. ముందు నాకు లేకపోయింది.

ప్రెస్సు నుంచి వచ్చి అత్తయ్యకి చెప్పాను. మీకంటే ముందు ఆవిడకి చెప్పడం తప్పే, కానీ కడుపు ఉబ్బిపోయింది.

“లేడని రాశాడా? ఏమన్నా అయ్యిందా ఆ అబ్బాయికి?” అన్నారు కంగారుగా.

“ఏం కాలేదత్తయ్యా. నిక్షేపంలా ఉన్నాడు. పెద్ద జడ్జి అయ్యాడు.”

“మరి లేడని రాస్తే లేకుండా పోతాడా?” అన్నారు. మోకాలు రాసుకుంటూ, “ఇంటిగుట్టు లంకకు చేటు అంటారే. నువ్వెళ్ళి చెబితే వాడి నోటిదగ్గర ముద్ద లాగేసినట్టే” అన్నారు.

“చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు. బావమరిదిని దాచాడంటారు.”

“అయితే ఇంటి మనిషి చెప్పడమే నయం. పద, నేనూ వస్తాను” అన్నారు.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ రెండో అభ్యంతరం నాదేనండీ.

ఇద్దరం బస్సులో వెళ్ళాం. కిటికీ ఆవిడ కాగితం తీసుకుని, “అభ్యర్థికి మీరేమవుతారు?” అన్నారు.

“భార్యని.”

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. “అమ్మా, విడాకుల కిటికీ ఇది కాదు. అది పక్క బిల్డింగు.”

“మేం దానికి రాలేదు” అన్నాను.

అత్తయ్య నన్ను పక్కకి జరిపి, “నేను వాడి తల్లిని. నాదీ సంతకం కావాలా?” అన్నారు. వెనక వరసలో వాళ్ళు నవ్వారు. కిటికీ ఆవిడ మాత్రం నవ్వలేదు, లేచి అత్తయ్యకి లోపల్నించి కుర్చీ తెచ్చి ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చుని మా అత్తయ్య, వరసలో ఉన్నవాళ్ళందరికీ మీ చిన్నప్పటి నుంచీ మీరెంత నిప్పులాంటి మనిషో చెప్పారు. అభ్యంతరం వెయ్యడానికి వచ్చి ప్రచారం చేసిన తల్లి ఈవిడ ఒక్కరే అయ్యుంటారు.

ఇక్కడిదాకా రాసి కలం మూసేశాను. రెండు రోజులు గడిచాయి. మిగిలింది కూడా రాస్తేనే ఇది ఉత్తరం, లేకపోతే ఇదీ పదకొండో గడిలాంటిదే.

ఆ కాగితం ఇవ్వడానికి నాలుగు రోజుల ముందు మీకు ఫోన్ చేశాను, గుర్తుందా? మీరు ఎక్కడినుంచో పరుగెత్తుకుంటూ వచ్చి, రొప్పుతూ, “ఏమైంది? అందరూ బాగున్నారా?” అన్నారు. నాలుగు నిమిషాలు మాట్లాడాను. కుళాయి గురించి మాట్లాడాను. ఆ నాలుగు నిమిషాల్లో “పదకొండో గడి దిద్దుకోండి” అని ఒక్క ముక్క చెబితే, మీరే పడవకి ఉత్తరం వేసేవారు, గడువు లోపలే చేరేది, మీ తప్పు మీరే దిద్దుకున్నట్టు బోర్డు మీద ఉండేది. అభ్యంతరమూ ఉండేది కాదు, ఈ అల్లరీ ఉండేది కాదు. చెప్పలేకపోయాను. చెప్పాలంటే ‘అన్నయ్య’ అనాలి. మీతో ఆ మాట అని పందొమ్మిదేళ్ళయింది. గొంతుదాకా వచ్చింది, మీరు దగ్గారు, నేను కుళాయి అన్నాను.

మండలి కోసమే చేశాననీ, రేపు మీ శత్రువులు చెప్పకముందే చెబుదామనీ మీకు రాద్దామనుకున్నాను. తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంటుంది. అవీ నిజాలే. కానీ ఆ అభ్యంతరం ఫారంలో ఒక గడి ఉందండీ: “ఈ విషయము మీకు ఎట్లు తెలియును?” అని. అక్కడ “ఆయన నా తోడబుట్టినవాడు” అని రాశాను. రాశాక చూసుకుంటే అక్షరాలు నావిలా లేవు. ఇల్లాలిగా నాకు మీరు ఏదీ తక్కువ చెయ్యలేదు. కానీ నాకు అన్నయ్య ఉన్నాడని ఈ లోకంలో ఒక్క కాగితమ్మీదైనా ఉండాలనిపించింది. ఆ ఒక్క వాక్యం కోసం మీ పందొమ్మిదేళ్ళ కోరికని పణంగా పెట్టాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

రూలు ఏమిటంటే, అభ్యంతరంలో ఎవరి పేరు చెబితే వాళ్ళని ఆఫీసువాళ్ళు నిజమా కాదా అని అడుగుతారు. వాళ్ళ జవాబు కూడా బోర్డు మీద పెడతారు. అది ఈ ఉదయం పెట్టారు. ప్రెస్సుకి వెళ్తూ చూశాను. అన్నయ్య దస్తూరీ దూరాన్నుంచే గుర్తుపట్టాను, చిన్నప్పుడు నా పలక మీద దిద్దించిన అక్షరాలే కదా. ఒక్క మాట కూడా మార్చకుండా మీకు ఎత్తి రాస్తున్నాను:

“అభ్యంతరములో తెలిపిన బంధుత్వము నిజము. పందొమ్మిదేళ్ళ క్రితం కోర్టులో ఇదే చెప్పితిని, నేడును అదే చెప్పుచున్నాను. నాడు చెప్పిన పిదప వారి ఇంటికి మరల మరల వెళ్ళవలసినది, ఒక్కసారి వెళ్ళి ఊరకుంటిని. అభ్యర్థి నిజాయతీని గురించి నన్ను ప్రశ్నించలేదు కనుక వ్రాయుట లేదు. ప్రశ్నించినచో వ్రాయుటకు సిద్ధము.”

బోర్డు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనకాల ఎవరో “కాస్త జరగండమ్మా, మేమూ చదువుకోవాలి” అన్నారు. జరిగాను. వాళ్ళూ చదివారు. మా అన్నయ్య నాకు రాసిన మొదటి ఉత్తరం ఊళ్ళో వాళ్ళందరితో కలిసి చదువుకున్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

బంధువు ఉన్నంత మాత్రాన సీటు పోదట. ఆ బంధువు మీద ఫిర్యాదు వస్తే మీరు లేచి బయటికి వెళ్ళాలి, అంతే. ఉన్న బంధువుని కావాలని దాచినట్టు తేలితే మాత్రం పోతుంది. వచ్చే నెల ఇరవై రెండున అందరి ముందూ మిమ్మల్ని అడుగుతారు, ‘లేరు’ అని ఎందుకు రాశారని. దానికి మీ దగ్గరున్న నిజమైన జవాబు ఒక్కటే, అది చెప్పాలంటే మన గుమ్మంలో జరిగింది నిండు సభలో చెప్పాలి. పొరపాటున రాశానని ఒక్క ముక్కలో తేల్చేసే దారి కూడా ఉంది. మీరు ఏ దారిన వెళ్తారో ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకే తెలియడం లేదు.

జవాబు ఫారం ఇందులో పెట్టి పంపుతున్నాను. ఖాళీగానే పంపుతున్నాను. మీ అర్జీలన్నీ నేనే చక్కగా రాసి పెట్టేదాన్ని, దీనికి మాత్రం నా చెయ్యి వద్దు. మీరు ఏం రాసినా నాకు ముందుగా పంపకండి, బోర్డు మీదే చదువుకుంటాను. ఇరవై రెండున అత్తయ్యా నేనూ జనం బెంచీల్లో ఉంటాం. సీటు వచ్చినా రాకపోయినా ఇంటికి కలిసే వెళ్దాం. మందు వేళకి వేసుకోండి, తలకి గాలి తగలనివ్వకండి. కోప్పడాలనుంటే వచ్చి నా ఎదురుగా కోప్పడండి, వింటాను. అభ్యంతరం వెనక్కి తీసుకోమని మాత్రం అనకండి. ఆ కాగితమ్మీద ఎలా సంతకం చేశానో ఇక్కడా అలాగే చేస్తున్నాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
మా అన్నయ్య చెల్లెలు.